తలుపు పక్క కుర్చీకి తగిన తుపాకీ

పాప్లర్ లిక్ బాప్టిస్టు చర్చిలో గుమ్మం పక్కన ఒక కుర్చీ ఉంది. అది బెంచీల వరుసలో చేరదు. వీపు గోడకు, ముఖం తలుపుకు ఉండేలా వేసి ఉంటుంది. అందులో కూర్చున్నవాడికి పాస్టరు గారి ముఖం సగమే కనపడుతుంది, కానీ మెట్లెక్కి వచ్చే ప్రతి మనిషివీ ముందు చేతులు కనపడతాయి, తర్వాతే ముఖం. ఆరాధన జరుగుతుండగా కోటు కింద తుపాకీతో తలుపు కాసేవాడి కోసం వేసిన ఆ కుర్చీ హర్షెల్ స్లోన్‌ది.

ఊరికే రాలేదు ఆ కుర్చీ. మా కెంటకీ కొండల్లో బొగ్గు గనిలోకి దిగిన మగవాళ్ళకు కొదవ లేదు. గని కప్పు కూలకుండా ఇనుప బోల్టులు దిగగొట్టే పనిలో జీవితమంతా గడిపి, రెండు కాళ్ళతో, పది వేళ్ళతో బయటికి వచ్చినవాళ్ళు మాత్రం తక్కువ. హర్షెల్ వాళ్ళలో ఒకడు. గనిలో నీళ్ళు పొంగిన ఏడాది రక్షక దళంలో అందరికన్నా ముందు దిగింది అతనే. వరదలో వాగు దాటించి బడి బస్సును ఇల్లిల్లూ తిప్పింది అతనే. చర్చి రాతిమెట్లు అతను పేర్చినవే, ఇంతవరకూ ఒక్క రాయి కదలలేదు. ఇక గురి సంగతి చెప్పనక్కర్లేదు. కౌంటీ సంతలో పిస్తోలు పోటీ ఏటా గెలుస్తూ పోతుంటే, చివరికి నిర్వాహకులే వచ్చి, "హర్షెల్, ఇంక నువ్వు తీర్పరిగా ఉండు, మిగతావాళ్ళు కూడా ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి గదా" అని బతిమాలుకున్నారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ పోటీలన్నీ గెలిచింది ఒకే పిస్తోలుతో. ఫార్టీఫైవ్ కాలిబరు, అంటే బొటనవేలంత లావు తూటా. ఎంత పెద్ద కోటు వేసుకున్నా నడుము దగ్గర కాస్త ఉబ్బెత్తుగా కనపడేది. కనపడితే కనపడనీ అనేవాడు హర్షెల్.

ఈ ఏడాది మొదలైనప్పటినుంచి మాత్రం ఆ కుర్చీలో అతను కుదురుగా ఉండలేకపోతున్నాడు. పాట మొదలవగానే కాలు మీద కాలు వేస్తాడు, ప్రార్థన ముగిసేలోగా తీసేస్తాడు. కోటు సర్దుకుంటాడు. లేచి తలుపు సందులోంచి బండ్లు ఆపే జాగా చూసి వస్తాడు. కూర్చుంటాడు, మళ్ళీ కోటు సర్దుకుంటాడు. వయసు మీద పడింది, నడుం నొప్పేమో అనుకున్నారు అందరూ.

నడుం కాదు, వేళ్ళు.

ఆ పిస్తోలు పైన ఉక్కు స్లైడు ఉంటుంది. దాన్ని గట్టిగా వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఎక్కకపోతే ఎంతటి పిస్తోలైనా ఇనప ముద్దే. చలికాలం పోయేసరికి హర్షెల్ వేళ్ళ కణుపులు వాచి గట్టిపడ్డాయి. స్లైడు సగం దాకా వచ్చేది, అక్కడ వేళ్ళు జారిపోయేవి. కొన్నాళ్ళు షెడ్డులో పనిబల్ల అంచుకు స్లైడు తగిలించి, ఒంటి బరువంతా వేసి నెట్టేవాడు. ఒక ఆదివారం బల్ల మీదినుంచి కూడా జారింది, చర్మం లేచిపోయింది. ఆ రోజు తూటా ఎక్కించకుండానే ఒరలో పెట్టుకుని చర్చికి వెళ్ళాడు. తర్వాతి ఆదివారమూ అంతే.

అలా వెళ్ళిన రోజుల్లో ఒకనాడు, పాస్టరు బ్రదర్ కార్లిస్ వాక్యం చెబుతుండగా, ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు మెట్లెక్కి వచ్చాడు. వేసవిలో పొడుగు కోటు. చేతులు రెండూ జేబుల్లోనే. హర్షెల్ లేచి అడ్డం నిలబడి, చేయి నడుముకి ఆనించాడు. గొట్టం ఖాళీ అని ఆ చేతికి తెలుసు. ముందు వరుసలో పిల్లలు పాటకు సిద్ధంగా నిలబడి ఉన్నారని వీపుకి తెలుసు. ఆ మనిషి జేబులోంచి చిరిగిన కాగితం తీసి, శ్మశానానికి దారి ఎటని అడిగాడు. మేనత్త సమాధి వెతుక్కుంటూ వచ్చాడట. హర్షెల్ దారి చెప్పి పంపించాడు. ఆ తర్వాత ఆ కుర్చీలో నిమిషం స్థిమితంగా కూర్చుంటే ఒట్టు.

*

తలుపు కాసే వాళ్ళందరికీ పెద్ద లోవెల్ బెగ్లీ. షెరీఫు దగ్గర డిప్యూటీగా చేసి దిగిపోయిన మనిషి. ఏటా శరదృతువు ఉజ్జీవ కూటాలకు ముందు ఒక శనివారం అందరినీ తన పచ్చిక బీడుకు పిలిచి గురి పరీక్ష పెడతాడు. ఆదివారం వేసుకునే కోటే వేసుకుని రావాలి. కోటు కిందినుంచి తీసి కాల్చాలి. ఏ తుపాకీతో నెగ్గితే చర్చికి ఆ తుపాకీయే తేవాలి. నెగ్గనివాడు ఆ ఏడాది బెంచీలో కూర్చుని అందరిలాగే పాటలు పాడుకోవాలి.

ఆగస్టు చివర్లో ఆరాధన అయ్యాక లోవెల్ వాళ్ళను పక్కకు పిలిచాడు.

"ఈసారి ఒకటి కొత్తగా పెడుతున్నా. ఖాళీ తుపాకీతో రండి. గీత దగ్గర నిలబడి, నా కళ్ళ ముందు, మీ చేతులతో మీరే నింపుకోవాలి. ఇంటి దగ్గర నింపుకొచ్చి దర్జాగా తీయడాలు కుదరవు."

"ఏం, మేమేమన్నా దొంగలమా?" అన్నాడు ఓరిస్ నేపియర్. ఒకప్పుడు ఊరంతటికీ జుట్టు కత్తిరించినవాడు. నోరు మాత్రం ఇంకా దుకాణం మూయలేదు.

"దొంగవి కావు ఓరిస్, సోమరివి. పోయినేడు నీ తుపాకీలోంచి బొంత పీచు తీశాను, గుర్తుందా?"

అందరికన్నా గట్టిగా నవ్వింది హర్షెలే. నవ్వుతూనే కుడి చేతిని ఎడమ చంకలో దాచుకున్నాడు.

మర్నాడు పెట్రోలు బంకు వెనక హోటల్లో, గ్రేవీ పోసిన వేడి బిస్కెట్ రొట్టెలు తింటూ మాట కదిపాడు.

"మా ఆవిడ వెర్నా తమ్ముడు అడుగుతున్నాడురా. రోజూ నడుముకి పెట్టుకోవడానికి చిన్న తుపాకీ కొనాలట. ఏ కాలిబరు మంచిదంటారు?"

"వెర్నా తమ్ముడు ఒహాయోలో పడవలు అమ్ముకుంటాడు గదా, వాడికెందుకు?" అన్నాడు ఓరిస్.

"పడవలు ఎత్తుకుపోతారని భయంలే. చెప్పు."

"నైన్ ఎమ్మెమ్ కొనమను," అన్నాడు లోవెల్ కాఫీ ఊదుకుంటూ. "పోలీసులంతా అదే వాడుతున్నారు. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి."

"నన్నడిగితే అంతకన్నా చిన్న తూటా, త్రీ ఎయిటీ," అని ఓరిస్ చొక్కా పైనుంచి నడుము తట్టుకున్నాడు. "పొద్దున పెట్టుకుంటే రాత్రి పడుకునేదాకా ఉందన్న సంగతే తెలియదు."

హర్షెల్ వెర్నా తమ్ముణ్ణి మర్చిపోయాడు.

"తగిలినవాడికి కూడా తెలియదులే! దాంతో కాలిస్తే వాడు వెనక్కి తిరిగి, 'ఎవర్రా గిల్లింది' అంటాడు."

బల్ల చుట్టూ అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఓరిస్ కూడా నవ్వాడు గాని చెంచా కింద పెట్టాడు.

"అయితే రా, బయట నిలబడు. ఒకసారి గిల్లి చూస్తాను."

"నిలబడేవాణ్ణే, కోటు కొత్తది. పాడవుతుందని ఊరుకుంటున్నా."

లోవెల్ ఒక్కడు నవ్వలేదు. "ఈ బల్ల దగ్గర ఇన్నేళ్ళుగా చూస్తున్నా. అందరూ తూటా లావు గురించే మాట్లాడతారు. రెండో తూటా ఎక్కడికి పోతుందో ఒక్కడూ మాట్లాడడు," అని లేచిపోయాడు.

ఆ మాట విన్నవాళ్ళు విన్నారు. హర్షెల్ వినలేదు, అతని మనసు అప్పటికే ట్విలా దుకాణంలో ఉంది.

*

ట్విలా దుకాణంలో ఒక పక్క ఎరలు, గాలాలు. ఒక పక్క తుపాకులు. తండ్రి పోయాక ఆమే నడుపుతోంది. గౌను వేసుకునే వయసులో హర్షెల్ భుజమెక్కి సంత చూసిన పిల్ల.

"రా బాబాయ్. గాలాలకా?"

"తుపాకీ చూద్దామని. చిన్నది. మా బావమరిది కోసం."

ట్విలా అతని చేతుల వైపు ఒకసారి చూసి, ఇంకేం అడగలేదు. అద్దాల బల్లలోంచి ఒకటి తీసి, ఖాళీగా ఉందని తానొకసారి చూసుకుని, అతనికీ చూపించి చేతిలో పెట్టింది. మరీ బుల్లిది కాదు, మరీ పెద్దదీ కాదు. హర్షెల్ అలవాటుగా పళ్ళు బిగించి స్లైడు పట్టుకున్నాడు. అది వెన్నలా వచ్చేసింది. నమ్మబుద్ధి కాలేదు. ఇంకోసారి లాగాడు. మళ్ళీ వచ్చింది. ఏడాదిగా ముడుచుకుపోయిన అతని ముఖం ఒక్క క్షణం విప్పుకుంది.

"ఎంత కాలిబరు?"

"త్రీ ఎయిటీ."

కాలిన పెనం ముట్టుకున్నట్టు బల్ల మీద పెట్టేశాడు. "ఓరిస్ నేపియర్‌ది ఇదేగా?"

"అచ్చంగా ఇదే. కాస్త బరువుంటుంది బాబాయ్, అందుకే చేతిని తన్నదు. స్ప్రింగు మెత్తన."

"ఓరిస్‌కి మెత్తనివే కావాలి. ఆ నైన్ ఇటివ్వు."

నైన్ చేతికి చక్కగా అమరింది గాని స్లైడు సగం దాకా వచ్చి మొరాయించింది. హర్షెల్ దగ్గు తెచ్చుకుని, దగ్గుతూనే దాన్ని పక్కన పెట్టాడు. కళ్ళు అద్దం కింద తిరుగుతున్నాయి. అప్పుడు కనపడింది మూల ఉన్న రివాల్వరు. పొట్టి గొట్టం. స్లైడన్నదే లేదు, చక్రం పక్కకు తిప్పి తూటాలు పెట్టుకుని మూసేయడమే. ఎత్తితే కాఫీ కప్పంత బరువు కూడా లేదు. వేసుకునే తూటా మాత్రం మందు దట్టంగా కూరిన మాగ్నమ్, మూడు వందల యాభై ఏడు.

"ఇది! దాచుకోవడానికి చిన్నది, తూటా పెద్దది. ఎవడూ గిల్లిందనడు."

"బాబాయ్, విను. బరువు లేని తుపాకీలో పెద్ద తూటా వేస్తే ఆ తన్నంతా నీ చేతికే. ట్రిగ్గరు కూడా బండది. మా నాన్న దీన్ని గాడిద అనేవాడు. ప్రతి ఏడూ ఎవరో ఒక మగాడు వచ్చి పెళ్ళానికని దీన్ని కొంటాడు, చిన్నది కదా ఆడవాళ్ళకు బాగుంటుందని. నెల తిరగకుండా పెళ్ళాం తెచ్చి నా మొహాన కొడుతుంది."

"బోల్టులు దిగగొట్టే యంత్రం పట్టిన చేయి ఇది. గాడిద ఒక లెక్కా?"

"బావమరిదికన్నావు?"

"వాడి చేయీ గట్టిదేలే. కట్టు."

*

ఇంటి వెనక కొండ మట్టిలోకి కాల్చి చూసుకున్నాడు. మొదటి దెబ్బకి లోయంతా మోగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద సుత్తితో కొట్టినట్టయింది. తూటా మాత్రం డబ్బా మధ్యలోంచి పోయింది. అదీ హర్షెల్ స్లోన్ అంటే, అనుకున్నాడు. రెండోసారి ట్రిగ్గరు లాగుతుంటే అది ఎంతకీ రాదు. వేలు వణికింది, గొట్టం కిందికి వాలింది, డబ్బాకు మూరెడు ఇవతల మట్టి లేచింది. మూడోది ఎటు పోయిందో తెలియలేదు.

వెనక తలుపు తీసుకుని వెర్నా వచ్చింది.

"ఏంటది, కొండ గానీ కూలిందా?"

"కొత్త తుపాకీ. బ్రహ్మాండంగా ఉంది."

"బ్రహ్మాండంగా ఉంటే చెయ్యెందుకు వెనక్కి పెట్టుకున్నావు? చూపించు."

చూపించక తప్పలేదు. చర్మం చిట్లి నెత్తురు కారుతోంది. ఆమె ఆప్రాన్ కొంగుతో అదిమి పట్టింది.

"ట్విలా దగ్గరికి వెళ్ళి మార్చుకో."

"ఏమని చెప్పను?"

"వేళ్ళు నొప్పి అని చెప్పు. అబద్ధమా?"

"ఆ మాట ట్విలాకి చెబితే సాయంత్రానికి లోవెల్‌కి తెలుస్తుంది. కుర్చీ పోతుంది."

"పోతే పోనీ, వచ్చి నా పక్కన కూర్చో. మొగుడున్నదాన్నే అయినా, చర్చిలో విధవరాలిలా ఒక్కదాన్నే కూర్చుంటున్నాను ఇన్నేళ్ళుగా."

"నేను నీ పక్కన కూర్చుంటే తలుపు ఎవరు చూస్తారే?"

వెర్నా అదిమిన కొంగు తీయలేదు. "నేనూ అదే అడుగుతున్నా. ఈ ఏడాదంతా ఎవరు చూశారు?"

హర్షెల్ చేయి లాక్కుని షెడ్డులోకి పోయాడు. షెడ్డులోంచి బండి దగ్గరికి, బండి దగ్గరనుంచి వాగు దాకా, వాగు దగ్గరనుంచి మళ్ళీ షెడ్డులోకి. ఆమెకు తెలుసన్నమాట. పనిబల్ల చప్పుడు వంటింట్లోకి వినపడేదేమో. ఖాళీ పిస్తోలుతో ఆమెను, ముందు వరుస పిల్లలను, బ్రదర్ కార్లిస్‌ను తన వెనక పెట్టుకుని కూర్చున్న ఆదివారాలు ఒక్కొక్కటీ వచ్చి ఎదుట నిలబడ్డాయి.

ఆ తర్వాతి రోజులన్నీ అలాగే గడిచాయి. తుపాకీ ఒకనాడు జేబులో పెట్టుకుంటాడు, ఒకనాడు చీలమండకు కట్టుకుంటాడు, ఒకనాడు నడుము వెనక. ఎక్కడ పెట్టినా నచ్చదు. తక్కువ మందున్న తూటాలు వేసి చూశాడు. తన్ను కాస్త తగ్గింది గాని ట్రిగ్గరు బండతనం తగ్గలేదు. అన్నం ముందు కూర్చుని గాలిలో చూపుడువేలు లాగుతూ ఉండేవాడు. రెండుసార్లు ట్విలా దుకాణం దాకా బండి తోలి, లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చాడు. ఒకసారైతే ఆమె గుమ్మంలోంచి చేయి ఊపింది. హర్షెల్ చూడనట్టు ఎదురుగా ఉన్న ఎరువుల కొట్లోకి దూరి, అక్కర్లేని సున్నం బస్తా కొనుక్కొచ్చాడు.

*

పరీక్ష రోజు బీడులో మంచు ఇంకా ఆరలేదు. మట్టి కట్టకు గురి కాగితాలు కొట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు బల్ల వేసి చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె, ఎండు ఆపిల్ పొరల కేకు సర్దుతున్నారు. గడ్డాలు నెరిసిన మగవాళ్ళు ఆదివారపు కోట్లు, బూట్లు వేసుకుని తడి గడ్డిలో నిలబడితే పెళ్ళికి వచ్చి దారి తప్పినట్టున్నారు.

ఓరిస్ వంతు ముందొచ్చింది. చకచకా నింపుకున్నాడు, కాల్చాడు, అయిదుకు అయిదూ కాగితంలో పెట్టి వచ్చాడు. వస్తూ వస్తూ, "నొప్పెట్టిందేమో పాపం కాగితానికి," అన్నాడు.

హర్షెల్ గీత దగ్గర నిలబడ్డాడు. రివాల్వరు నింపడం కష్టం కాలేదు. లోవెల్ ఈల ఊదగానే కోటు పక్కకు పోయింది, చేయి కదిలింది. ఆ కదలిక చూడటానికే కౌంటీ సంతకు జనం వచ్చేవారు ఒకప్పుడు. తుపాకీ ఎప్పుడు బయటికొచ్చిందో ఎవరికీ కనపడలేదు. మొదటి తూటా నడి మధ్యలో. బల్ల దగ్గర ఎవరో ఈల వేశారు. రెండోది కాగితం అడుగున. మూడోది కాగితంలో లేదు. నాలుగోది కట్ట పైనుంచి గడ్డి లేపింది.

"ఆపు," అన్నాడు లోవెల్.

తుపాకీ ఖాళీ చేయించి, దగ్గరికి వచ్చి, మెల్లగానే అన్నాడు. కానీ అంత చప్పుడు తర్వాత బీడంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పులుసు గిన్నె దగ్గరున్న వాళ్ళకు కూడా వినపడింది.

"హర్షెల్, కళ్ళు మూసుకుని కాలుస్తున్నావు."

ఎవరైనా నవ్వితే బాగుండేది. నవ్వలేదు. ఓరిస్ కూడా కేకు ముక్క వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఈ తుపాకీతో కుదరదు. నీ దగ్గర ఇంకోటుంటే ఇవాళే ఇంకో అవకాశం ఇస్తా. నీ ఫార్టీఫైవ్ తెచ్చుకో, బండిలో ఉంటుందిగా."

బండిలోనే ఉంది. హర్షెల్ అటు నడిచాడు. తలుపు తీశాడు. సీటు కింద తోలు ఒర కనపడింది. తెచ్చి గీత దగ్గర నిలబడతాడు, స్లైడు పట్టుకుంటాడు, సగం దాకా వస్తుంది. ఇంతమందీ చూస్తారు. తలుపు మూశాడు. వెళ్ళిపోదామని అటు పక్కకు తిరిగాడు. డ్రైవరు సీటు దాకా వెళ్ళాడు. అక్కడినుంచి బల్ల దగ్గర వెర్నా కనపడింది. ఆమె రొట్టె కోస్తోంది, అతని వైపు చూడటం లేదు. చూడకూడదని పట్టుబట్టి చూడటం లేదు.

గని రక్షక దళం, వరదలో బస్సు, సంత పోటీలు. అవన్నీ చేసిన చేయే ఇది. ఇప్పుడు దీనికి ఆ స్లైడు రాదు. రాదన్న మాట చెప్పడం ఒక్కటే మిగిలింది. చెబితే పోయేది కుర్చీ. చెప్పకుండా నిలబెట్టుకుంటే పోయేది ఆ కుర్చీ వెనకున్న వాళ్ళు. హర్షెల్ బండి ముందునుంచి తిరిగి వచ్చాడు. నేరుగా రాలేదు. కంచె దాకా వెళ్ళి, అక్కడేదో చూసినట్టు చూసి, వచ్చి ఓరిస్ ఎదుట నిలబడ్డాడు.

"నీది ఒకసారి ఇస్తావా?"

"ఏది, రొట్టెనా?"

"తుపాకీరా."

"దేనికి, ఎవరినైనా గిల్లాలా?"

బీడంతా ఒక్కసారిగా భళ్ళున నవ్వింది. ఆ నవ్వులో హర్షెల్‌కి ఊపిరాడింది.

"గిల్లాలి. నా చేతులతో ఫార్టీఫైవ్ స్లైడు రావడం లేదు ఓరిస్. చలికాలంనుంచీ రావడం లేదు."

ఓరిస్ చేతులు తుడుచుకున్నాడు. తుపాకీ తీసి ఖాళీ చేసి, స్లైడు తెరిచి, పిడి అతని వైపు తిప్పి ఇచ్చాడు. ఇస్తూ గొంతు తగ్గించాడు.

"కత్తెర పట్టుకోలేకే నేను దుకాణం మూశానురా వెధవా. పెన్షను కోసం అనుకున్నావా? నువ్వొక్కడివే ముసలాడివైనట్టు ఏడాదిగా మొహం ముడుచుకుని తిరుగుతున్నావు."

హర్షెల్ తుపాకీ అందుకున్నాడు. గీత దగ్గరికి వెళ్ళాడు. లోవెల్ ఎదుట, అందరి ఎదుట, తూటాలు నింపి, వాచిన వేళ్ళతో స్లైడు పట్టి లాగి వదిలాడు. టక్కున తూటా ఎక్కింది. కోటు, చేయి, తుపాకీ. అది చేతిలో చిన్నగా ఎగిరింది, మళ్ళీ తనంతట తానే గురి మీదికి వచ్చింది. రెండోది కాల్చేటప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి. మూడోదానికీ.

లోవెల్ వెళ్ళి కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు.

"అయిదూ ఉన్నాయి. అందంగా లేవు, ఉన్నాయి."

నిజంగానే అందంగా లేవు. ఒకటి అంచును పట్టుకుని వేలాడుతోంది. సంతలో తీర్పరిగా ఉన్నప్పుడు అలాంటి కాగితం తెచ్చినవాణ్ణి హర్షెల్ ఇంటికి పంపేవాడు.

"ఓరిస్ కన్నా తక్కువే," అన్నాడు లోవెల్, "కానీ నెగ్గావు. చర్చికి ఈ రకం తుపాకీయే. మాట మాటే."

"నాది మాత్రం ఇవ్వను," అని ఓరిస్ చేయి చాపాడు. "ముందు కాస్త తుడువు, నీ చెమట అంటింది."

*

ట్విలా దుకాణం మూసేవేళకు హర్షెల్ గుమ్మంలో ఉన్నాడు. ఎవరికో వానపాములు కొలిచి ఇస్తోంది. ఆ మనిషి పోయేదాకా హర్షెల్ గాలాల వరుస ముందు అటూ ఇటూ నడిచాడు.

"గాడిద ఎలా ఉంది బాబాయ్?"

"నీ పాకలోనే కట్టేయడానికి తోలుకొచ్చాను."

"బావమరిదికి పనికి రాలేదా?"

"బావమరిదికి కాదమ్మా, నాకే. ఆ మెత్తనిది తియ్యి. త్రీ ఎయిటీ."

ట్విలా నవ్వు ఆపుకోవాలని ప్రయత్నించింది, కుదరలేదు. నవ్వుతూనే తీసి ఇచ్చింది. హర్షెల్ దుకాణంలో నిలబడే స్లైడు లాగాడు, వదిలాడు, లాగాడు. తోలు ఒర బిగువు చూసుకున్నాడు. కోటు వేసుకుని అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకున్నాడు. ఉబ్బెత్తు లేదు. ఏమీ కనపడటం లేదు. అది మాత్రం కాస్త వెలితిగానే అనిపించింది.

ఉజ్జీవ కూటాల మొదటి ఆదివారం. వంటింటి బల్ల దగ్గర నిలబడి, గొట్టం గోడ వైపు పెట్టి, తూటా ఎక్కించుకున్నాడు. వెర్నా కాఫీ పోస్తూ ఆ చప్పుడు విని, కప్పు నిండినా పోయడం ఆపలేదు. బల్లంతా కాఫీ. "చూసి పొయ్యి," అన్నాడు హర్షెల్. "పోసేదాన్ని నేను, చూసేవాడివి నువ్వు," అంది ఆమె.

చర్చి నిండిపోయింది. పక్క లోయల వాళ్ళు కూడా వచ్చారు. హర్షెల్ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంక నిమ్మళంగా ఉంటాననుకున్నాడు. పాట మొదలైంది. కాలు మీద కాలు వేశాడు. రెండో చరణం రాకముందే తీసేశాడు.

ఇన్నాళ్ళూ తుపాకీ పేలదేమోనని భయం. ఇవాళ పేలుతుంది. లాగితే వస్తుంది, కాలిస్తే తగులుతుంది, రెండోసారి కూడా తగులుతుంది. బల్ల దగ్గర కూర్చుని ఏ తూటా ఎంత లావో వాదించుకున్న ఏళ్ళన్నిటిలో ఒక్కసారి కూడా అతను ఆ గురి కాగితం ఉన్నచోట మనిషిని నిలబెట్టి చూసుకోలేదు. ఇప్పుడు మెట్లెక్కి వస్తున్న చేతులను చూస్తున్నాడు. చంటిపిల్ల పాలసీసా పట్టుకున్న చేయి. టోపీ తీస్తున్న చేయి. కూతురి భుజం ఆసరాగా పట్టుకున్న ముసలి చేయి. ప్రతి చేతినీ చివరిదాకా చూసి, ఖాళీగా ఉంటే ఊపిరి వదులుతున్నాడు. పాత పిస్తోలు ఉన్న రోజుల్లో, అది నిండుగా ఉన్న రోజుల్లో కూడా, ఇలా చూసిన గుర్తు లేదు. అప్పుడు జనం తన నడుమును చూస్తున్నారా లేదా అని చూసుకునేవాడు.

బయట రాళ్ళ మీద బండి ఆగిన చప్పుడైంది. బండి తలుపు మూసిన చప్పుడు ఒకటి. కాసేపటికి ఇంకొకటి. మెట్ల మీద అడుగులు మెల్లగా, ఎగుడుదిగుడుగా పడుతున్నాయి. పాట మూడో చరణంలో ఉంది, చర్చి తలుపు అప్పటికే దగ్గరికి వేసి ఉంది, ఎవరూ వెనక్కి తిరగలేదు. హర్షెల్ లేచి, కోటు బొత్తాం విప్పుకుని, పిడి వాళ్ళకు కనపడకుండా శరీరం కాస్త పక్కకు తిప్పి, వచ్చేవాళ్ళు తట్టకముందే తలుపు తెరిచాడు.